అమ్మ గుండె జారిందన్న రోజు

అమ్మ కుడి మడమలో గుండుసూది దిగి ఉందని మేము గమనించేసరికి అది అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు. అమ్మ బ్లౌజులు కుడుతుంది. కుట్టుమిషను చుట్టూ ఎప్పుడూ సూదులూ దారపు ముక్కలూ పడి ఉంటాయి. ఆ రోజు ఉదయమంతా అమ్మ ఇంట్లో తిరిగింది, నీళ్ళు పట్టింది, చేపలు కడిగింది, మిషను తొక్కింది. మధ్యాహ్నం పక్కింటి దీదీ కొలత జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, నేల మీద ఎర్రటి చుక్కలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అరే భాభీ, యే ఖూన్ కిస్‌కా హై?”

రక్తం తనది అయ్యుంటుందని అమ్మకు తోచనే లేదు. నా కాళ్ళ వైపు చూసింది, దీదీ కాళ్ళ వైపు చూసింది. చివరికి దీదీయే అమ్మ పాదం ఎత్తి చూసింది. మడమలో సూది తల ఒక్కటే కనిపిస్తోంది. దీదీ దాన్ని లాగుతున్నప్పుడు అమ్మ ముఖంలో చిన్న గీత కూడా కదల్లేదు.

“పత్థర్ కా పైర్ హై క్యా ఆప్‌కా?” అంది దీదీ.

“సుగరొచ్చినాక ఇదొక సుకం దీదీ,” అంది అమ్మ. “చప్పల్ కా జరూరతే నహీ.”

ముగ్గురం నవ్వుకున్నాం. రాతి పాదమట, చెప్పులు అక్కర్లేదట. సాయంత్రం ఆ మాటలు నా డైరీలో రాసుకున్నాను. కింద ఒక గీత కూడా గీశాను, బాగా వచ్చిన వాక్యాల కింద గీసినట్టు.

డైరీ సంగతి చెప్పాలి. ఈ దీవిలో, మా ఆస్టినాబాద్‌లో నాతో పెరిగిన తెలుగు పిల్లల్లో తెలుగు రాయగలిగిన వాళ్ళు దాదాపు లేరు. మాట్లాడతారు, అదీ సగం హిందీలో. నాకు అక్షరాలు నేర్పింది అమ్మ. శ్రీకాకుళం తీరంలో ఐదో తరగతి దాకా చదువుకుని, పెళ్ళయ్యాక ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చింది. కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో నాచేత ఓనమాలు దిద్దించింది. ఇప్పుడు షుగరు వల్ల చూపు మసకబారి, సూదిలో దారం కూడా నేనే ఎక్కించి ఇవ్వాలి. అందుకని మిషను తొక్కుతున్నప్పుడు ఏదో ఒక పుస్తకం నేను చదువుతుంటే వింటుంది. దీపాలు పెట్టే వేళకు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతుంది. “ఏటి రాసావే ఇయ్యాల?”

నేను నలుగురిలో మాట్లాడలేను. బస్సులో దిగవలసిన చోటు దాటిపోతున్నా కండక్టరును పిలవలేక తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. మాట్లాడలేకపోయినవన్నీ డైరీలోకి వెళ్ళేవి. అమ్మ మాటలు ముఖ్యంగా. అమ్మ తెలుగు నాకు ఆస్తి అనుకునేదాన్ని. ఆమె నోట ఏదైనా కొత్త మాట వస్తే అది ఎందుకు వచ్చిందో చూడకుండా, ఎంత బాగుందో చూసేదాన్ని. ఇంతకన్నా సూటిగా ఆ తప్పును చెప్పడం నాకు రావడం లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి అమ్మకు షుగరు. అమ్మకు బేరమాడే హిందీ వచ్చు, పొరుగువాళ్ళతో నవ్వే హిందీ వచ్చు. ఒంటి బాధ చెప్పుకునే హిందీ మాత్రం రాలేదు. నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తాడు. నెలలో సగం రోజులు నికోబార్ వైపు నీళ్ళ మీదే ఉంటాడు. కాబట్టి డాక్టరు దగ్గర అమ్మ నోరు నేనే.

ఆ నోటితో నేను చేసిన మొదటి తప్పు కొవ్వు మాత్ర. ఏడాది కిందట మా వీధి క్లినిక్ డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, షుగరు మాత్రలతో పాటు ఇంకో మాత్ర రాశాడు. చర్బీ కోసం, రోజూ వేసుకోవాలి, మానకూడదు అన్నాడు. బయటికి వచ్చాక “ఇది దేనికే?” అని అడిగింది అమ్మ. “కొవ్వుకు” అన్నాను.

అమ్మ రోడ్డు మీదే ఆగిపోయింది. “నాకు కొవ్వా? ఒంటి మీద పిడికెడు కండ నేదు. నాకు కొవ్వుందని అన్నాడా ఆ డాక్టరు?”

“అది కాదమ్మా, రక్తంలో...”

“రగతంలో కొవ్వు మీ నాన్నమ్మకుండేది. నాకు నేదు.”

నాకు నవ్వు ఆగలేదు. ఆ మాటా డైరీలోకి వెళ్ళింది. మాత్రలు మాత్రం దారపు రీళ్ళ డబ్బాలో మిగిలిపోయాయి. నేను చూశాను. వేసుకోమని ఒకటి రెండుసార్లు అన్నాను, అంతే. షుగరు ఉన్నవాళ్ళకు ఆ మాత్ర ఒంటి కొవ్వు కరిగించడానికి కాదనీ, గుండెకు రక్తం తీసుకెళ్ళే గొట్టాలు పూడుకుపోకుండా కాపు కాయడానికనీ తరువాత ఇంకో డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆ రోజు ఒక్క ప్రశ్న చాలు. అడగడానికి నోరు రాలేదు.

మా ఇంటికి బస్సు దిగాక వాలు ఎక్కాలి. కొన్నాళ్ళుగా అమ్మ ఆ వాలులో ఆగడం మొదలుపెట్టింది. ఒకరి పెరట్లో మందారం చూసి ఆగేది. ఒకరి కొత్త నీళ్ళ ట్యాంకు చూసి, “ఎంత పెద్దది కట్టీసారో చూడు,” అంటూ ఆగేది. అమ్మకు ఈ మధ్య చుట్టూ ఉన్నవి చూడాలనిపిస్తోంది అని రాసుకున్నాను నేను. అమ్మకు ఊపిరి అందడం లేదు.

ఆ తరువాత ఒక ఉదయం, లైనింగు గుడ్డ కోసం అబర్డీన్ బజార్‌కు వెళ్ళాం. దుకాణంలో రంగులు కలిపి చూస్తూ అమ్మ హఠాత్తుగా స్టూలు మీద కూర్చుంది. ముఖమంతా చెమట. ఫ్యాను కిందే ఉన్నాం. దుకాణదారు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. అమ్మ ఒక గుక్క తాగి, వాంతి వచ్చినట్టు మూతి పట్టుకుంది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“ఏటోలాగుందే. గుండె జారిపోతన్నట్టుంది.”

నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. “దేనికమ్మా భయం?” అని అడిగాను. భయం అన్న మాట అమ్మ అనలేదు. పుస్తకాల్లో ఎవరి గుండె జారినా భయంతోనే జారుతుంది. నేను అంతవరకు చదివిన ఏ పుస్తకంలోనూ గుండె నిజంగా జారలేదు.

అక్కడి నుంచి ఆటోలో మా వీధి క్లినిక్‌కే తీసుకొచ్చాను. అప్పటికి అమ్మ కాస్త తేరుకుంది. లోపల డాక్టరు, మా వెనక తలుపు దగ్గర అరడజను మంది. తలుపు తెరిచే ఉంది.

“సీనే మే దర్ద్ హై?” అని అడిగాడు డాక్టరు.

ఆ మాత్రం అమ్మకే అర్థమైంది. “నహీ, దర్ద్ నహీ,” అంది. నిజమే, ఛాతీలో నొప్పి లేదు.

“ఔర్ కుఛ్ తక్‌లీఫ్?”

ఇంకేమైనా ఇబ్బందా అని. అమ్మ నా వైపు తిరిగింది. “చెప్పవే. ఇందాక గుండె జారిపోతన్నట్టుందని చెప్పు.”

దిల్ ఫిసల్ రహా హై అని మనసులో కూర్చుకున్నాను. అలా అంటే వెనక ఉన్నవాళ్ళు నవ్వుతారు. ప్రేమ పాటలా ఉంటుంది. చెవులు వేడెక్కాయి. త్వరగా చెప్పి బయటపడాలనిపించింది.

“ఉన్‌కో డర్ లగ్తా హై,” అన్నాను. ఆమెకు భయంగా ఉంటోందట.

డాక్టరు ముఖం తేలికపడింది. అమ్మ బీపీ చూశాడు, షుగరు చూశాడు. ఎక్కువ ఆలోచించవద్దని, బాగా నిద్రపోవాలని చెప్పాడు. ఛాతీలో ఏమాత్రం ఇబ్బందిగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించమని కూడా చెప్పాడు. ఆయన అడగవలసినవన్నీ అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది, దాన్ని మార్చి ఇచ్చాను.

“చెప్పావా?” అంది అమ్మ మెట్లు దిగుతూ.

“చెప్పానమ్మా.”

తరువాతి రోజుల్లో అమ్మ పాదాలు ఉబ్బాయి. చెప్పుల పట్టీ గుర్తు చర్మంలో లోతుగా పడేది. వెల్లకిలా పడుకోలేక గోడకు దిండ్లు పెట్టుకుని ఒరిగేది. మిషను తొక్కడం మానేసింది. దీదీ ఒక ఉదయం వచ్చి, అమ్మను చూసి, నన్ను చూసి, “పాగల్ హై క్యా తూ? అభీ లేకే జా!” అని నా మీద అరిచింది, పిచ్చా నీకు, ఇప్పుడే తీసుకెళ్ళు అని. ఆటో కూడా తనే పిలిచింది.

పెద్దాసుపత్రిలో ఈసీజీ తీశారు, ఛాతీ మీద చల్లటి జిగురు రాసి స్కానింగు చేశారు. వార్డు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి హిందీలో నెమ్మదిగా చెప్పింది. అమ్మకు ఒక హార్ట్ ఎటాక్ ఇప్పటికే వచ్చి వెళ్ళింది. గుండెలో ఒక వైపు కండరం బలం పోయింది. అందుకే నీరు చేరింది.

“కబ్ హువా థా?” అంది. ఎప్పుడొచ్చిందో తెలుసా?

నాకు తెలియదన్నాను. “నొప్పి రాలేదు కదా మేడమ్?”

షుగరు ఎన్నేళ్ళుగానో ఉన్నవాళ్ళలో నరాలు మొద్దుబారతాయని, కొందరికి గుండె దెబ్బతిన్నా నొప్పి తెలియదని చెప్పింది. చెమట పట్టడం, వాంతి వచ్చినట్టుండటం, ఆయాసం, ఏదో తెలియని నీరసం, అంతే ఉండొచ్చు. “పైర్ మే కుఛ్ చుభే తో పతా చల్తా హై ఉన్‌కో?” అని అడిగింది. కాల్లో ఏదైనా గుచ్చుకుంటే తెలుస్తుందా ఆమెకు?

గుండుసూది తల కళ్ళ ముందు మెరిసింది. తల అడ్డంగా ఊపాను.

తారీఖు కావాలంది, ఎన్నాళ్ళైందో తెలిస్తే మంచిదని. నా సంచిలో డైరీ ఉంది. వార్డు బయట బల్ల మీద కూర్చుని తిరగేశాను. బజారుకు వెళ్ళిన రోజు దొరికింది. ఆ పేజీలో లైనింగు గుడ్డల రంగుల గురించి రాశాను. జెట్టీ మీద నుంచి చూస్తే సముద్రం ఏ గుడ్డ రంగులో ఉందో ఎనిమిది వరుసలు రాశాను. చివర్లో: “అమ్మ ఈ రోజు గుండె జారిపోతున్నట్టుందంది. ఎంత అందమైన మాట! ఈ ద్వీపంలో ఆ మాట అనగలిగిన వాళ్ళు ఇంకెంతమంది మిగిలారు?” కింద గీత గీసి ఉంది.

ఎన్ని గంటలకో రాయలేదు. చెమట రాయలేదు. చెయ్యి చల్లగా ఉందని రాయలేదు.

తారీఖు మాత్రం డాక్టరమ్మకు చెప్పాను. ఆమె లెక్కవేసుకుని కాగితం మీద రాసుకుంది. ఆ రోజే వచ్చి ఉంటే అని నేను అడగలేదు. ఆమె కూడా అనలేదు.

చికిత్స మొదలైంది. పొట్ట మీద సూదిమందు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు, షుగరుకు ఇన్సులిన్. వాటిలో పాత స్నేహితుడిలా కొవ్వు మాత్ర కూడా. అమ్మ దాన్ని గుర్తుపట్టింది. ఏమీ అనకుండా మింగింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అమ్మ వాదించకుండా ఏ పనీ చేసిన మనిషి కాదు.

గుండె గొట్టాలు ఒకచోట కాదు, చాలాచోట్ల పూడుకుని ఉండొచ్చని డాక్టరమ్మ అనుమానం. షుగరు ఉన్నవాళ్ళలో అలా అవుతుందట. మూత్రపిండాలు కూడా అంతంత మాత్రంగా ఉన్నాయి కాబట్టి, రంగుమందు ఎక్కించి గొట్టాలు చూసే పరీక్ష, ఆపరేషను అవసరమైతే అది, అన్నీ ఒకేచోట చూసుకోగల చెన్నై ఆసుపత్రిలో జరగాలి. అక్కడ ఒక మంచం మా కోసం ఉంచారు. విమానంలో ఆ రోజుకు చేరకపోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

నాన్న ఓడ జెట్టీకి చేరినప్పుడు మాత్రమే ఫోన్ పలుకుతుంది. “టికెట్లు తీయడం అయిపోయింది కదా? మీరు ఎల్లిపోండి, నేను ఎనకాలొచ్చేస్తాను. డాక్టర్ క్యా బోలా, ఎక్కొచ్చా ఫ్లయిటు?”

“బయలుదేరే రోజు పొద్దున చూసి సంతకం పెడతానన్నారు నాన్నా.”

“నువ్వు గట్టిగా మాట్లాడు. నీ గొంతు నాకే ఇనబడదు, ఆళ్ళకేటి ఇనబడతాది?”

ఆ ఉదయం దీదీ వచ్చి సంచులు సర్దింది. అమ్మకు ఇస్త్రీ చీర కట్టాం. నేను జడ వేస్తుంటే అమ్మ వీపు నా ముంజేతికి తగిలింది. జాకెట్టు తడిసి ఉంది.

“అమ్మా?”

“ఏటీ నేదు.”

“చెమట పట్టింది.”

అమ్మ తలుపు వైపు చూసింది. తరువాత గొంతు తగ్గించి అంది. “గుండె జారినట్టయిందే. భయమేలే. నాను ఇమానం ఎప్పుడెక్కాను? ఆకాసంలో ఎగరడమంటే భయమేయదేటి?”

నా తప్పును నా దగ్గరే నేర్చుకుని నాకే అప్పజెపుతోంది.

“భయమా, గుండెనా? సరిగ్గా చెప్పమ్మా.”

“నాకేటి తెల్సు? నొప్పి నేదు.” నా మణికట్టు పట్టుకుంది. “చెప్పకే. చెప్తే ఎల్లనివ్వరు. మంచం పోతాది. మీ నాన్న ఎంతమందిని అడిగి సంపాయించాడో.”

అంతలోనే డాక్టరమ్మ వచ్చింది. విమానం ఎక్కవచ్చని సంతకం పెట్టవలసిన కాగితం చేతిలో ఉంది. “కైసీ హై అమ్మా?”

“అచ్ఛీ హూ,” అంది అమ్మ. నవ్వింది కూడా.

“దర్ద్?”

“నహీ.”

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. నేను జడ చివర పట్టుకుని నిలబడ్డాను. చెబితే విమానం పోతుంది, చెన్నైలో మంచం పోతుంది. అది ఒట్టి భయమే అయితే, అమ్మకున్న ఒకే దారిని నా చేత్తో నేనే మూసినట్టు. చెప్పకపోతే, సముద్రం మీద, ఆ ఎత్తులో, ఈసీజీ లేనిచోట.

“మేడమ్,” అన్నాను. వినబడలేదు. “మేడమ్!” అని మళ్ళీ అన్నాను, అరుపులా వచ్చింది. “మా బోల్ రహీ హై, దిల్ ఫిసల్ రహా హై.”

పక్క మంచం దగ్గర కూర్చున్న ఒకావిడ నిజంగానే కిసుక్కున నవ్వింది.

“డర్ నహీ, మేడమ్. దిల్. దిల్ నీచే జా రహా హై, ఐసే బోల్ రహీ హై. పిఛ్‌లీ బార్ భీ యహీ బోలీ థీ. మైనే గలత్ బతాయా థా.” భయం కాదు, గుండె కిందికి జారుతోందంటోంది, పోయినసారి కూడా ఇదే అంది, నేను తప్పు చెప్పాను.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను మూత పెట్టేసి, అమ్మ మణికట్టు పట్టుకుని, సిస్టర్‌ను పిలిచింది. ఈసీజీ కాగితం బయటికి వస్తుండగా నిలబడే చదివి, నిన్నటి కాగితం పక్కన పెట్టి చూసింది. ఆ తరువాత అందరూ వేగంగా కదిలారు. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు చెదిరిపోతుండగా అమ్మను మంచంతో సహా తోసుకుపోయారు. తలుపు మూసుకునే ముందు అమ్మ నన్ను చూసిన చూపులో కోపం ఉంది.

ఐసీయూ బయట బెంచీ మీద ఉండగా విమానం ఆసుపత్రి కప్పు మీదుగా వెళ్ళింది. ఇక్కడ ఏ విమానం వెళ్ళినా అందరికీ వినబడుతుంది. దీదీ నా తలను తన భుజానికి ఆనించుకుంది.

నాన్న ఫోన్ చేశాడు. “ఎక్కీసారా?”

“లేదు నాన్నా. మళ్ళీ ఎటాక్ వచ్చింది.”

అవతల ఇంజను చప్పుడు. “నువ్వు సరిగ్గా చెప్పావా డాక్టరుకి?”

“ఈసారి సరిగ్గానే చెప్పాను.”

ఈసారి అన్న మాట నాన్న విన్నాడో లేదో తెలియదు. లైను తెగిపోయింది.

ఇది జరిగి మూడు రోజులైంది. బతుకుతుందా అని అడిగితే డాక్టరమ్మ చూద్దాం అంటుంది. చెన్నై మంచం వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. అమ్మ కాస్త నిలదొక్కుకుంటే మళ్ళీ అడుగుతామన్నారు. ఆ కాస్త ఎంతో ఎవరూ చెప్పడం లేదు. నాన్న ఓడ రేపు వస్తుంది.

రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు లోపలికి పంపిస్తారు. ఇందాక వెళ్ళినప్పుడు అమ్మ కళ్ళు తెరిచే ఉంది.

“చెప్పీసావు,” అంది.

“చెప్పేశానమ్మా.”

“ఇమానం?”

“వెళ్ళిపోయింది.”

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను.

“ఏటి రాసావే ఇయ్యాల?”

డైరీ తీసి, సిస్టర్‌ను అడిగి రాసుకున్నవి చదివాను. “ఉదయం ఏడుకు షుగరు చూశారు. ఎనిమిదికి రెండు ముద్దల ఇడ్లీ తింది. పాదాల వాపు నిన్నటికన్నా తక్కువ. మాట్లాడితే ఆయాసం. తొమ్మిదిన్నరకు చెమట లేదు.”

“అంతేనా?”

“అంతేనమ్మా.”

అమ్మ తల నా వైపు తిప్పింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది.

“ఇందాక పదింటికి ఒకపాలి జారింది. సిస్టరుకి ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. రాసుకో.”

నిలబడే రాశాను. రాసి, పుస్తకం తెరిచే పట్టుకుని, సిస్టర్ కోసం పరిగెత్తాను.